దిక్కుమాలిన రాజ్యంలో కనకవల్లి

మల్లెదిబ్బ,
18-2-74

ఒసే కనకం,

దేవుడి దయవల్ల ఇక్కడ నేనూ, నా నాలుగు కోళ్ళూ, స్కూల్లో నా రెండొందల పదహారుమంది ఆడపిల్లలూ క్షేమం. నీ ఉత్తరం చదివినప్పట్నుంచీ మాత్రం నా ఒళ్ళు మండిపోతోంది.

మా స్కూల్లో తెలుగు పంతులమ్మ ఉద్యోగం జూన్‌లో ఖాళీ అవుతోంది, హెడ్‌మిస్ట్రెస్‌గా నేనున్నాను, భాషాప్రవీణ పాసై ఆ సర్టిఫికెట్టుని ఇరవై ఏళ్ళుగా బియ్యం డబ్బా అడుగున దాచుకున్నదానివి నువ్వున్నావు, దరఖాస్తు పెట్టవే అని నేను రాస్తే నువ్వు రాసిందేమిటి? "ఆయన నవ్వారే శౌరీ" అనా? పచారీ కొట్టుకెళ్ళి తిరిగి ఇల్లు కనుక్కోలేని దానివి, హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారతావా, ఒక్కదానివీ వెళ్ళి రాగలిగితే నాకేం అభ్యంతరం లేదు అన్నారనా? అది విని నువ్వు కూడా నవ్వావనా? నవ్విన మనిషివైతే ఆ పక్కన సిరా ఎందుకు అలుక్కుపోయిందే? నా దగ్గరా నీ నాటకాలు?

అన్నయ్యగారి మాటలో అబద్ధం లేదనుకో. వారం కిందట గుణదల తిరనాళ్ళలో నిన్ను మూడుసార్లు మైకులో పిలిపించాను. మూడోసారి నేను నోరు తెరవకముందే మైకువాడు "కనకవల్లి గారూ, మీ శౌరమ్మ గారు మళ్ళీ ఇక్కడే ఉన్నారండీ" అన్నాడు. పైగా మా కరస్పాండెంట్ ఫాదర్ గారొకరు. పాత పంతులమ్మని వాళ్ళాయన సైకిలు మీద దింపితేనే వచ్చేది, ఆయనకి జలుబు చేస్తే ఈవిడ సెలవు. అందుకని, "ఈసారి వచ్చే టీచరు తనంతట తనే రావాలి. ఇంటర్వ్యూకి భర్తని వెంటబెట్టుకొస్తే గేటు దగ్గర్నుంచే నమస్కారం పెట్టి పంపించేస్తాను" అని తేల్చి చెప్పేశారు.

కాబట్టి జూన్ లోపల నీకు దారి కనుక్కోవడం నేర్పిస్తాను. చిన్నప్పుడు తెరేసమ్మ టీచరు లెక్కలు చెబుతుంటే వెనక బెంచీలో చీటీల మీద ఆడిన దేశం ఆట గుర్తుందా? నేను దేశాన్ని, నువ్వు బాటసారివి. నువ్వెక్కడ నిలబడ్డావో, ఎదురుగా ఏముందో నేను రాస్తాను. ఏం చేస్తావో నువ్వు రాయాలి. నీకు మూడు ప్రాణాలు. ఐదు వస్తువులు వెంట తెచ్చుకోవచ్చు. ఒకసారి పోస్టు డబ్బాలో పడ్డ మాట వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. రాజధానిలో ఒక గంట ఉంది, అది మోగిస్తే గెలిచినట్టు. దేశం పేరు, నీకు తగ్గట్టుగా, దిక్కుమాలిన రాజ్యం.

ఇప్పుడు నువ్వు మూడు దార్ల కూడలిలో ఉన్నావు. ఉత్తరాన కొండ, దానిమీద రాక్షసి ఇల్లు. తూర్పున సముద్రంలోంచి వచ్చి కొండకేసి పారే ఏరు, దానిమీద వంతెన, వంతెన మీద కత్తి పట్టుకున్న కాపలావాడు. పడమర బురద. ఏం చేస్తావు?

నీ
శౌరమ్మ


సత్యనారాయణపురం,
విజయవాడ,
26-2-74

శౌరీ,

ఏడ్చిన మాట నిజమే గానీ రెండే రెండు చుక్కలే. ఒకటి ఉత్తరం మీద పడింది, రెండోది పక్కన పడింది. దరఖాస్తు కూడా ఇందులోనే పెడుతున్నాను. సర్టిఫికెట్టుకి కాస్త పురుగు పట్టింది, నా పేరు దగ్గర కాదులే.

ఆటకి నేను రెడీ. నా ఐదు వస్తువులు: గోంగూర పచ్చడి జాడీ, గొడుగు, కాఫీ ఫిల్టరు, పంచాంగం, ఇంటి తాళంచెవులు. కత్తీ తాడూ ఏవీ అంటావేమో, అవి నాకు వాడటం రాదు. తాళంచెవులెందుకంటావా? మా ఆయన ఆఫీసు నుంచి ముందే వచ్చేస్తే?

ఇంతకీ ఉత్తరం అంటే ఎటువైపే? మా వంటింటి కిటికీ వైపేనా? మా ఆయన్ని అడిగితే, పొద్దున్నే సూర్యుడికి ఎదురుగా నిలబడు, ఎడమచెయ్యి వైపు ఉత్తరం అన్నారు. నిలబడ్డాను. సూర్యుడు పక్కింటి సంపూర్ణమ్మ గారి మేడ వెనకాల ఉన్నాడు. ఆవిడ కిటికీలోంచి చూసి, ఏం వదినా, మొక్కా అని అడిగింది. కాసేపు మాట్లాడుకున్నాం. ఈలోగా సూర్యుడు నడినెత్తి మీదకొచ్చేశాడు.

నాకు రాక్షసంటే భయం. కత్తివాడంటే ఇంకా భయం. బురదకేముందే, కాళ్ళు కడుక్కుంటే పోతుంది. అందుకని పడమర వెళ్తున్నాను.

నీ
కనకం


మల్లెదిబ్బ,
4-3-74

కనకం, నువ్వు చచ్చిపోయావు.

బురదలో మొదటి అడుగుకి మోకాలు, రెండో అడుగుకి మెడ. పచ్చడి జాడీ మాత్రం పైకెత్తి పట్టుకునే పోయావు, ఆ విషయంలో నిన్ను మెచ్చుకోవాలి. ఒసే, కాయితం మీద దారి తప్పిన మనిషిని నిన్నే చూశాను. ఇక రెండు ప్రాణాలున్నాయి. మళ్ళీ ఆ కూడలిలోనే నిలబడ్డావు. కార్డులో చోటు అయిపోయింది. బుర్ర పెట్టి ఆలోచించు.

శౌరమ్మ


విజయవాడ,
12-3-74

ఒసే శౌరీ, నీకు పుణ్యముంటుంది, చావు కబుర్లు కార్డు మీద రాయకే!

మా పోస్టుమాన్ బసవపున్నయ్య గుమ్మంలో నిలబడి కార్డు ఇవ్వడు, వెళ్ళిపోడు. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఏమయ్యా అంటే, "కార్డు చదవకూడదండమ్మా, చదివేశానండీ. మరేమో... తమరు చచ్చిపోయారంటండీ" అన్నాడు. ఆటరా నాయనా అని కూచోబెట్టి మజ్జిగ ఇచ్చి మొదట్నుంచీ చెప్పాను. అంతా విని, "బురద మనకొద్దండీ. మొన్న రైవస్ కాలవ గట్టున మా బావమరిది ఇలాగే దిగబడ్డాడండీ. వంతెన మీద పోదారండీ" అన్నాడు. వాడు చెప్పింది నాకు సబబుగానే తోచింది.

వంతెన మీద కత్తివాడి దగ్గరికెళ్ళాను. ఏమనాలో తెలీక, "బాబూ, పొద్దున్నించీ నిలబడే ఉన్నావా? ఏమన్నా తిన్నావా?" అని అడిగాను. లేదన్నాడు. వాడి క్యారేజీలో వట్టి అన్నం ఉందట, కూర లేదట. జాడీ మూత తీశాను. వాడు తింటున్నంతసేపూ వాడి కత్తి నేను పట్టుకున్నాను, నా గొడుగు వాడు పట్టుకున్నాడు. చెయ్యి కడుక్కుని, "రాజధానికి దగ్గర దారి రాక్షసి గారి పెరట్లోంచేనమ్మా, ఆవిడ పైకి అలా కనబడుతుంది గానీ మంచిది" అని చెప్పాడు.

వెళ్ళాను. పాపం, ఆవిడకి మోకాళ్ళ నొప్పులే. కూతురికి ఏడో నెల. సీమంతానికి ముహూర్తం కుదరడం లేదంటే పంచాంగం తీసి చూసిపెట్టాను. కాఫీ ఇచ్చింది. ఫిల్టరు నాదే. అల్లుడు కోటలో గంట దగ్గరే పనిచేస్తాడట. నేను చెప్పానని చెప్పు అంది. ఇప్పుడు నేను పెరటి దారిన రాజధానికి పోతున్నాను. బాగానే వచ్చానా?

కనకం


మల్లెదిబ్బ,
20-3-74

బాగానే వచ్చావా అని పైగా అడుగుతున్నావా?

కాపలావాడి క్యారేజీ సంగతి నేను రాయలేదు. రాక్షసికి నేను కూతుర్ని పెట్టలేదు. పెట్టని కూతురికి ఏడో నెల ఎలా వచ్చిందే? ఆ కొండ దాటడానికి నీకు రెండు నెలలు పట్టాలని మూడు పేజీలు రాసిపెట్టుకున్నాను. ఊబి ఉంది, పాము ఉంది, పొడుపుకథ అడిగే గుడ్లగూబ ఉంది. అన్నీ నా సొరుగులోనే ఉండిపోయాయి!

రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మా అమలమ్మ టీచరు, ఏమ్మా ఒంట్లో బాగాలేదా అని అడిగింది. నా దేశంలో ఎవరో సీమంతం చేసుకుంటున్నారని ఆవిడకేం చెప్పను? చివరికి, పోస్టు డబ్బాలో పడ్డ మాట వెనక్కి తీసుకోకూడదన్న రూలు నేనే పెట్టాను కాబట్టి ఒప్పుకుంటున్నాను. నువ్వు అడిగావు, వాళ్ళు చెప్పారు, అంతే కదా. అలాగే కానీ.

ఇప్పుడు రాజధాని గోడ ముందున్నావు. గోడ ఎత్తుగా ఉంది. ద్వారం కనబడటం లేదు. ఏం చేస్తావు?

నీ దరఖాస్తు ఫాదర్ గారికి అందింది. ఇంటర్వ్యూ జూన్ 10, సోమవారం, పొద్దున్న పదిన్నరకి. ఇది ఆట కాదు. దీనికి ఒకటే ప్రాణం.

శౌరమ్మ


విజయవాడ,
3-4-74

శౌరమ్మకు,

క్షేమం. నేను గోడ వెంబడి ఉత్తర దిశగా నాలుగు ఫర్లాంగులు నడిచి, అచ్చటి నుండి తూర్పునకు తిరిగి రెండు ఫర్లాంగులు సాగితిని. ద్వారము కానరాలేదు. గోడ పునాది పటిష్ఠముగానే యున్నది. పడమటి భాగము కొలత తీయుచున్నాను. మరియు, నీ మొదటి ఉత్తరమును బట్టి ఏరు సముద్రమునుండి కొండకు పారుచున్నట్లు తెలియుచున్నది. ఇది సాధ్యము కాదు. సరిచూడగలవు.

ఇట్లు,
కనకవల్లి


మల్లెదిబ్బ,
8-4-74

అన్నయ్యగారికి నమస్కారాలు.

అవునండీ, మీకే రాస్తున్నాను, అచ్యుతరామారావు గారూ. పై కవరు మీద మీ ఆఫీసు అడ్రసు చూసి ఉలిక్కిపడ్డారా? కనకం పుట్టి బుద్ధెరిగి ఫర్లాంగు అన్న మాట రాయలేదండీ. "కానరాలేదు" అని అంతకన్నా రాయదు. అన్నిటికీ మించి, పక్కన ఎవరున్నారు, వాళ్ళకెంతమంది పిల్లలు అని అడక్కుండా అది నాలుగు అడుగులు కూడా నడవదు. మీరు నాలుగు ఫర్లాంగులు నడిపించారు.

పోస్టు చెయ్యమని అది మీ చేతికిచ్చిన అసలు ఉత్తరం ఏం చేశారండీ?

శౌరమ్మ


విజయవాడ,
13-4-74

సోదరి శౌరమ్మ గారికి,

విషయం: దిక్కుమాలిన రాజ్యము – నదీ ప్రవాహ దిశ – ఉత్తరము మార్చుట – క్షమాపణ – గురించి.
సూచిక: తమ ఉత్తరం, తేదీ 8-4-74.

పై సూచికను పురస్కరించుకొని మనవి చేయునది ఏమనగా, అసలు ఉత్తరము నా ఆఫీసు డ్రాయరులో భద్రముగా నుండెను, ఇప్పుడు దీనితో జతపరచడమైనది. అందు నా భార్య గోడ ముందు నిలబడి, "ఎవరండీ లోపల? కాస్త తలుపు తీస్తారా?" అని అడుగుచున్నట్లు వ్రాసినది. ఇది పద్ధతి కాదు అని భావించి, ఆమె తరఫున నేను సరియైన విధానము అవలంబించితిని.

నిజం చెప్పేస్తానండీ శౌరమ్మ గారూ. ఇరవై రెండేళ్ళుగా ఇరిగేషన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా కాలవలు గీస్తున్నాను. ఎవరో తవ్వేసిన కాలవలే. ఎవరూ చూడని దేశాన్ని గీసే అవకాశం నాకెప్పుడు వచ్చింది? మీ ఉత్తరాలు ఆవిడ చదివి వినిపిస్తుంటే ఆగలేకపోయాను. ట్రేసింగ్ కాయితం మీద రాజ్యం మొత్తం పటం గీశాను, నకలు పంపుతున్నాను. ఏరు దిశ మార్చాను, అన్యథా భావించకండి. కొండ దగ్గర నీళ్ళు ఆపడానికి ఒక లాకు కూడా పెట్టాను.

కావున నాకు కూడా మూడు ప్రాణములు మంజూరు చేసి, ఆటలో వేరుగా చేర్చుకొనవలసినదిగా ప్రార్థన. వస్తువులు ఐదు అక్కరలేదు. దిక్సూచి ఒక్కటి చాలును.

చిత్తగించవలెను.

ఇట్లు,
అచ్యుతరామారావు

తా.క. ఈ సంగతి ఇంట్లో తెలియనివ్వకండి.


విజయవాడ,
29-4-74

శౌరీ,

తెలిసిపోయింది! ఆయన చొక్కా జేబులో ట్రేసింగ్ కాయితం దొరికింది. దానిమీద చక్కటి అక్షరాలతో "రాక్షసి గృహము" అని రాసి ఉంది. నా మొగుడు ఎవతె ఇంటికో పటం గీసుకున్నాడేమిటా అని ఒక్క క్షణం గుండె ఆగిపోయిందే! తర్వాత చూస్తే పక్కన కాపలావాడు కూడా ఉన్నాడు.

అడిగితే ఒప్పుకున్నారు. నాకు ఎంత కోపం వచ్చిందో తెలుసా? కాయితం మీద కూడా నన్ను ఒక్కదాన్నీ నడవనివ్వరా అని అడిగాను. నువ్వు తప్పిపోతావని భయం వేసింది అన్నారు. తప్పిపోతే నేనే కదా తప్పిపోయేది, మీకేమిటి అన్నాను. అప్పట్నుంచీ రెండు రోజులు కూరల్లో ఉప్పు వెయ్యలేదు.

ఇక నా ఉత్తరాలు నేనే పోస్టు చేస్తున్నాను. మొదటిరోజు డబ్బా దాకా బాగానే వెళ్ళాను, వెనక్కి రావడంలోనే వచ్చింది తంటా. మా వీధిలో అన్ని అరుగులూ ఒకేలా ఉంటాయెందుకే? ఒకావిడ ముగ్గు వేస్తోంది, ఆవిడని అడిగాను. ఆవిడ ఒక ఇస్త్రీ బండి చూపించింది, ఇస్త్రీవాడు ఒక ఆవుని చూపించాడు, ఆవు మా సందులోదే. వచ్చేశాను. నిన్న నాలుగోసారి. ఎవరినీ అడగక్కర్లేకపోయినా ముగ్గావిడని పలకరించే వచ్చాను. వాళ్ళమ్మాయి పరీక్ష పాసైందట.

నేను గోడ ముందే ఉన్నాను. నా పాత ఉత్తరంలో మాటే మళ్ళీ: ఎవరండీ లోపల? కాస్త తలుపు తీస్తారా?

కనకం


మల్లెదిబ్బ,
2-6-74

ఒసే కనకం,

తలుపు తీశారు. ఆ గోడకి ద్వారం లోపలివైపు నుంచే తెరుచుకుంటుందే, అడిగినవాళ్ళకే తీస్తారు. రాక్షసి అల్లుడు దగ్గరుండి గంట చూపించాడు, నువ్వు మోగించావు, రాజ్యంలో అందరికీ వినబడింది. మీ ఆయనా అదే రాజ్యంలో ఉన్నారు. నెలన్నరగా గోడ చుట్టూ కొలతలు తీస్తున్నారు. గోడ పక్కనే ఒక ముసలాయన కూచుని ఉన్నాడని మూడుసార్లు రాశాను. ఆయన్ని ఒక్క మాట అడిగితే చాలు. అడగరే! "పటమున ముసలివాడు లేడు" అని జవాబు రాస్తారు.

ఇక ఆట పక్కన పెట్టు. పదో తేదీ సోమవారం సంగతి విను. విజయవాడ బస్టాండులో ఏలూరు వైపు వెళ్ళే బస్సెక్కి హనుమాన్ జంక్షన్‌లో దిగు. అక్కడ నూజివీడు రోడ్డు మీద మా వైపు వచ్చే బస్సుంటుంది. మల్లెదిబ్బ అని అడుగు. దిగాక చర్చి శిఖరం కనబడుతుంది. ఒక్కదానివే రా. ఫాదర్ గారు ఊరికే బెదిరించే మనిషి కాదు, నిరుడు ఒకావిడని నిజంగానే గేటు దగ్గర్నుంచి పంపేశారు. ఇంకో ఇద్దరు వస్తున్నారు ఇంటర్వ్యూకి. నేను హెడ్‌మిస్ట్రెస్‌నే గానీ ఈ విషయంలో నా మాట చెల్లదు.

నాకే భయంగా ఉందే. నేనొచ్చి తీసుకెళ్దామా అని వందసార్లు అనుకున్నాను. రావడం లేదు.

శౌరమ్మ


విజయవాడ,
11-6-74

సోదరి శౌరమ్మ గారికి,

విషయం రాయడానికి సిగ్గుగా ఉంది, కాబట్టి రాయడం లేదు.

నిన్న పొద్దున్న ఆవిడ ఒక్కతే బయల్దేరింది. ఆఫీసుకి వెళ్తున్నానని చెప్పి నేను వెనకాలే వెళ్ళాను. ఫాదర్ గారి షరతు నాకు తెలుసు. మల్లెదిబ్బలో దిగి చర్చి వెనకాల దాక్కుందామనుకున్నాను. ఆవిడకి తెలియకుండా, ఊరికే, చూడటానికి మాత్రమే. బస్టాండులో ఆవిడ ఒక బస్సెక్కింది, ముందు సీట్లో కూచుంది. నేను వెనక తలుపు నుంచి ఎక్కి చివరి సీట్లో పేపరు అడ్డం పెట్టుకుని కూచున్నాను. అది ఏ బస్సో చూడలేదు. ఆవిడ ఎక్కిందే చూశాను.

బస్సు కదిలి కొంతదూరం పోయాక పేపరు దించాను. ముందు సీట్లో ఆవిడ లేదు! ఒక మేకపిల్లని ఒళ్ళో పెట్టుకుని వేరే ఆవిడ ఉంది.

అది మైలవరం బస్సండీ. పూర్తిగా వేరే దిక్కు. మీరే చెప్పండి, కృష్ణా డెల్టా మొత్తం చేత్తో గీసినవాణ్ణి, కండక్టర్ని పట్టుకుని "అయ్యా, నేనెక్కడున్నాను" అని ఎలా అడగను? మైలవరంలో దిగి, సూర్యుణ్ణి బట్టి దిక్కు చూసుకుని, తూర్పుగా వెళ్తున్నట్టున్న బస్సొకటి ఎక్కాను. కొంతదూరం పోయాక అది మలుపు తిరిగింది. ఆ తర్వాత ఇంకోటి ఎక్కాను. మిట్టమధ్యాహ్నం ఒక మామిడితోట దగ్గర దిగిపోయాను. తోటమాలి ఇశ్రాయేలు అనే పెద్దాయన, ఏం బాబూ దారి తప్పారా అని అడిగాడు. లేదు, కాయలు కొనడానికి వచ్చానన్నాను. బుట్టెడు కొనవలసి వచ్చింది. అరగంట ఆయన పక్కన కూచుని, చివరికి, బెజవాడ ఎటండీ అని అడిగేశాను. ఆయన నవ్వలేదు. లేచి వచ్చి దగ్గరుండి బస్సెక్కించాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆవిడ అప్పుడే వచ్చి, స్నానం చేసి, హాయిగా పప్పులో పోపు వేస్తోంది. ఇంటర్వ్యూ బాగా అయిందని చెప్పింది. మామిడిపళ్ళెక్కడివి అంటే, ఆఫీసులో ఎవరో ఇచ్చారన్నాను. దయచేసి ఈ సంగతి ఆవిడకి చెప్పకండి. చెప్తే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?

మీ
అచ్యుతరామారావు

తా.క. రాజ్యంలో గోడ పక్కన ముసలాయన ఉన్నాడన్నారు కదా. ఆయన్ని అడుగుతున్నాను.


మల్లెదిబ్బ,
14-6-74

కనకం,

ఉద్యోగం నీదే! ఫాదర్ గారు ఇవాళ సంతకం చేశారు, ఆర్డరు వెనకాల వస్తుంది. 24వ తేదీ సోమవారం చేరాలి. "ఆవిడ పది గంటలకే వచ్చి కూచున్నారు, పైగా మన వాచ్‌మన్ భార్య ఆస్పత్రి సంగతి మనకన్నా ఆవిడకే బాగా తెలుసు" అన్నారు. నేను స్టాఫ్ రూములోకెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. రెండు చుక్కలు కాదు, బోలెడు.

బసవపున్నయ్యా, ఇది చదువుతుంటే నువ్వు కూడా మజ్జిగ అడిగి తాగు.

మీ ఆయన క్షేమమా? ఎందుకడిగానో అడక్కు.

శౌరమ్మ


విజయవాడ,
18-6-74

శౌరీ,

బసవపున్నయ్య మజ్జిగ తాగలేదు, పాయసం అడిగి తాగాడు. సంపూర్ణమ్మ గారికీ, ముగ్గావిడకీ, ఇస్త్రీవాడికీ కూడా ఇచ్చాను. నువ్వు ఏడ్చావని చదివి నేనూ మళ్ళీ ఏడ్చాను, ఈసారి కార్డు తడవకుండా పక్కన పెట్టాను.

మీ ఆయన క్షేమమా అని అడిగి, ఎందుకో అడక్కు అన్నావు. నేను అడగను. నాకు తెలుసు. సోమవారం నుంచి రోజూ కలుస్తాం గానీ, ఈ మాట స్టాఫ్ రూములో చెప్పేది కాదు, అందుకే రాస్తున్నాను.

ఆరోజు బస్టాండులో కంగారులో ఏదో బస్సెక్కేశాను. పక్కన కూచున్నావిడని, అమ్మా, ఎక్కడిదాకా అని అడిగాను. మైలవరం, మా చెల్లెలు పురిటికి అంది. జంక్షన్ బస్సేది అంటే వేలు పెట్టి చూపించింది. ఆవిడ చెల్లెలికి సుఖప్రసవం కావాలని చెప్పి లేచాను. లేచి వెనక్కి తిరిగేసరికి చివరి సీట్లో ఒకాయన, మొహానికి అడ్డంగా పేపరు. సోమవారంనాడు ఆదివారం పేపరు! కింద బూట్లున్నాయి. ఆ బూట్లు పొద్దున నేనే తుడిచి పెట్టాను. కాళ్ళ మధ్య నేను కట్టిచ్చిన క్యారేజీ ఉంది.

డ్రైవరు ఎక్కి కూచున్నాడు, హారను కొట్టాడు. పిలుద్దామని నోరు తెరిచాను, శౌరీ. ఒట్టు, తెరిచాను. కానీ పిలిస్తే ఆయన దిగుతారు. దిగితే నాతో వస్తారు. టిక్కెట్టు ఆయనే తీసుకుంటారు, కిటికీ పక్కన నన్ను కూచోబెడతారు, దారంతా ఆయనే చూస్తారు. ఫాదర్ గారు గేటు దగ్గర పట్టుకుంటారు. పట్టుకోకపోయినా సరే, నా మీద నాకు ఎప్పటికీ నమ్మకం ఉండదు. మంచాయనే. నామీద ప్రేమ లేక కాదు వెంట వచ్చింది, అది నాకు తెలుసు. అయినా నోరు మూసుకుని ముందు తలుపు నుంచి దిగిపోయాను. బస్సు వెళ్ళిపోయింది. నేను కాసేపు అక్కడే నిలబడి, ఆ తర్వాత జంక్షన్ బస్సెక్కాను.

సాయంత్రం ఆయన బుట్టతో వచ్చారు. చొక్కా నిండా ఎర్రదుమ్ము. ఆఫీసులో ఎవరో ఇచ్చారన్నారు. ఎంత మంచివాళ్ళండీ మీ ఆఫీసువాళ్ళు అన్నాను. పళ్ళు మాత్రం చాలా తియ్యగా ఉన్నాయే, నీకు రెండు దాచాను.

నిన్న సాయంత్రం చీర ఇస్త్రీకి వేసి వచ్చి, ఆయన పక్కన కూచున్నాను. "ఏమండీ, మైలవరం ఎటువైపండీ?" అని అడిగాను. పటం కోసం చెయ్యి సాచారు, సాచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. నా మొహంలోకి చూశారు. నేను చీర మడత పెడుతున్నట్టు నటించాను, ఆ చీర ఇస్త్రీవాడి దగ్గర ఉన్న సంగతి మర్చిపోయి.

చెయ్యి వెనక్కి తీసుకుని, "సోమవారం నీ బస్సెన్నింటికి?" అని అడిగారు.

ఏడుంపావుకి అన్నాను.

"సరే. జాగ్రత్తగా వెళ్ళిరా" అన్నారు.

"నేనూ వస్తా" అనలేదు, శౌరీ.

కనకవల్లి